మాట కోసమే ఎదురుచూడకండి: ఆటిజాన్ని ఏ వయసులో ఎలా గుర్తించాలి, తోడు ఎలా వెతుక్కోవాలి

పిల్లలకు మాట ఆలస్యమైతే ఇంట్లో ఒక్కొక్కరూ ఒక్కోలా సర్దిచెబుతారు. వాళ్ల నాన్నకూ మూడేళ్లకే వచ్చిందని ఒకరు, మగపిల్లలకు లేటేనని ఇంకొకరు. మా ఇంట్లోనూ ఇదే జరిగింది. ఏడాదికి పైగా మేమంతా మా బాబు నోటి వైపే చూస్తూ కూర్చున్నాం. చూడాల్సింది వాడి చూపుడువేలిని అని ఎవరూ చెప్పలేదు.

ఆ వేలికి మన భాష పెట్టిన పేరే దాని పని చెబుతోంది. ఏడాది దాటిన పిల్లలు దానితో రెండు పనులు చేస్తారు. కావలసింది అడుగుతారు, అది ఒకటి. ఏ అవసరమూ లేకపోయినా "అదిగో" అని చూపిస్తారు, అది రెండోది. విమానం పోతుంటే వేలు అటు పెట్టి, వెంటనే మీ ముఖంలోకి చూస్తారు, నువ్వూ చూశావా లేదా అని. ఆటిజం ఉన్న చాలామంది పిల్లల్లో ముందుగా కనపడకుండా పోయేది ఈ రెండోదే. తనకు నచ్చింది ఎదుటివాళ్లతో పంచుకోవడం, వాళ్లకు నచ్చింది తాను చూడటం, ఈ ఇచ్చిపుచ్చుకోవడం అన్నమాట. వయసు మారేకొద్దీ దీని రూపం మారుతుంది గానీ, వెతకాల్సింది మాత్రం చివరిదాకా ఇదే. అందుకే దీన్నే పట్టుకుని ముందుకు వెళదాం.

ముందు ఇంట్లో ఏం చూడాలి

పిల్లలు కడుపు నిండి, నిద్ర తీరి, హుషారుగా ఉన్న పూట ఎంచుకోండి. టీవీ, ఫోన్ ఆపేయండి. గదిలో అవతలి మూల ఉన్న వస్తువును వేలితో చూపిస్తూ "అటు చూడు" అనండి. మీ వేలు చూపించిన చోటికి చూస్తున్నారా, మీ వేలినే చూస్తున్నారా, అసలు పట్టించుకోవడం లేదా?

తర్వాత కీ ఇస్తే నడిచే బొమ్మ ఒకటి తీసుకోండి. కీ ఇచ్చి వదిలి, ఆగిపోయాక ఏమీ మాట్లాడకుండా కూర్చోండి. మామూలుగా పిల్లలు బొమ్మను చూసి, మిమ్మల్ని చూసి, మళ్లీ బొమ్మను చూస్తారు. కొందరు పిల్లలు మీ ముఖం చూడకుండా మీ చేతిని మాత్రం పట్టుకుని బొమ్మ మీద పెడతారు, చేయి కూడా ఒక పనిముట్టు అన్నట్టు. మా వాడు ఇలాగే చేసేవాడు. తెలివిగా పని చేయించుకుంటున్నాడని మురిసిపోయాం కూడా.

ఒక్కసారి చూసి తేల్చుకోకండి. వారం పది రోజులు, వేరువేరు వేళల్లో, వేరువేరు మనుషులతో చూడండి.

ఇంకో సంగతి ఇక్కడే చెప్పాలి. డాక్టర్లు ఆటిజం అనాలంటే రెండు రకాల లక్షణాలూ ఉండాలి. మనుషులతో ఇచ్చిపుచ్చుకోవడంలో ఇబ్బంది ఒకటి. చేసిందే చేయడం, ఒకే దాని మీద పట్టు, మార్పును తట్టుకోలేకపోవడం, శబ్దం, వెలుగు, స్పర్శ లాంటివి మరీ ఎక్కువగానో మరీ తక్కువగానో తెలియడం రెండోది. కాబట్టి మాట ఒక్కటే ఆలస్యమై, సైగలతో, చూపులతో కబుర్లన్నీ చెప్పే పిల్లల సంగతి వేరే కావచ్చు. దీనికి ఎదురు కూడా ఉంటుంది. గలగలా మాట్లాడే పిల్లల్లోనూ ఆటిజం ఉండవచ్చు.

ఏడాది లోపు

ఈ వయసులో గుర్తులు పలచగా ఉంటాయి, మరీ టెన్షన్ పడకండి. ఆరు నెలలకు మీరు నవ్వితే నవ్వాలి. తొమ్మిది నెలలకు పేరు పెట్టి పిలిస్తే తిరగాలి. ఏడాదికి చేతులు చాచి ఎత్తుకోమనడం, టాటా చెప్పడం లాంటి సైగలు రావాలి. ఇంట్లో పెద్ద పిల్లల్లో ఒకరికి ఇప్పటికే ఆటిజం ఉంటే, తర్వాతి బిడ్డకు వచ్చే అవకాశం దాదాపు ఐదింట ఒక వంతు. అలాంటి ఇళ్లలో మొదటి నుంచీ డాక్టరుకు ఆ మాట చెప్పి ఉంచడం మంచిది.

ఏడాది నుంచి రెండున్నర దాకా

ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సిన కాలం ఇది. ఏడాదిన్నరకు ఆసక్తిగా ఉన్నదాన్ని వేలితో చూపించాలి. రెండేళ్లకు రెండు మాటలు కలిపి అనాలి, అంటే "అమ్మ దా", "బంతి ఇవ్వు" లాంటివి, తనంతట తాను. రెండున్నరకు ఉత్తుత్తి ఆటలు రావాలి. బొమ్మను జోకొట్టి నిద్రపుచ్చడం, ఖాళీ గ్లాసులో తాగినట్టు నటించడం వంటివి.

వీటి స్థానంలో ఏం కనపడవచ్చంటే: పేరు పెట్టి పదిసార్లు పిలిచినా తిరగరు, పక్క గదిలో ఇష్టమైన పాట మోగితే మాత్రం పరుగెత్తుకు వస్తారు. కారు బొమ్మను నడపరు, తిరగేసి చక్రం తిప్పుతూ గంటసేపు కూర్చుంటారు. వస్తువులను వరసగా పేరుస్తారు, ఒకటి కదిపితే ఊరుకోరు. సంతోషం వచ్చినా కంగారు వచ్చినా చేతులు రెక్కల్లా ఆడిస్తారు. మునివేళ్ల మీద నడుస్తారు. వీటిలో ఏ ఒక్కటి ఉన్నంత మాత్రాన ఆటిజం కాదు. చక్రాలు తిప్పని పసివాడు ఎక్కడుంటాడు! చాలా గుర్తులు కలిసి, చాలా చోట్ల, చాలా రోజులుగా ఉన్నాయా అనేదే ప్రశ్న.

కొందరు పిల్లలు మొదట మామూలుగానే ఎదిగి, 15 నుంచి 30 నెలల మధ్య ఎప్పుడో వెనక్కి వెళతారు. వచ్చిన పది మాటలు పోతాయి, టాటా పోతుంది, చూపు కలపడం పోతుంది. ఇది ఏ వయసులో జరిగినా "చూద్దాం" అనుకోవద్దు. ఆ వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఈ వయసుకు వాడే ప్రశ్నావళి ఒకటుంది, ఎం-చాట్ అంటారు. 16 నుంచి 30 నెలల పిల్లల కోసం, అవును-కాదు అని జవాబిచ్చే 20 ప్రశ్నలు. దాని వెబ్‌సైట్‌లో ఉచితంగా, చాలా భాషల్లో దొరుకుతుంది. మార్కులు 0 నుంచి 2 దాకా వస్తే ఇప్పటికి ఇబ్బంది తక్కువని. 3 నుంచి 7 వస్తే వచ్చిన జవాబుల మీద డాక్టరు ఇంకా లోతుగా అడగాలి. 8 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే ఆలస్యం చేయకుండా పూర్తి పరీక్షకు పంపాలి. ఇది జల్లెడ మాత్రమే. ఎక్కువ మార్కులు వచ్చినంత మాత్రాన ఆటిజం ఉన్నట్టు కాదు. తక్కువ వచ్చినా మీ మనసు కుదుటపడకపోతే అడగడం ఆపకండి. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం 18, 24 నెలలకు ప్రతి బిడ్డనూ ఆటిజం కోసం పరీక్షించాలని చెబుతుంది. మీ డాక్టరు అడగకపోతే మీరే అడగండి.

మూడు నుంచి ఐదు

మాట వస్తుంది గానీ దాని తీరు వేరుగా ఉంటుంది. "నీకు నీళ్లు కావాలా?" అని అడిగితే "నీకు నీళ్లు కావాలా" అనే బదులిస్తారు, అదే రాగంతో. వెక్కిరిస్తున్నారని కోప్పడకండి. ఆ మాట మొత్తం ఒకే ముద్దగా గుర్తుంది, నీళ్లు కావాలన్నప్పుడు ఆ ముద్దనే బయటికి తీస్తున్నారు. అది కూడా అడగడమే. మీరు వెంటనే "నాకు నీళ్లు కావాలి" అని వాళ్ల తరఫున అని, నీళ్లు ఇచ్చేయండి.

ప్రకటనలు, కార్టూన్ డైలాగులు పొల్లుపోకుండా అప్పజెప్పి, "ఇవాళ ఏం ఆడావు?" అంటే జవాబు చెప్పలేని పిల్లలు చాలామంది. తోటి పిల్లల మధ్య ఉంటారు, వాళ్లతో ఉండరు. వెళ్లే దారి మారితే, చొక్కా లోపలి లేబుల్ గుచ్చుకుంటే, మిక్సీ మోగితే ఇల్లు పీకి పందిరేస్తారు. బయటివాళ్లు దీన్ని మొండితనం అంటారు, గారాబం అంటారు. ఎక్కువగా తల్లినే అంటారు.

బడి వయసు

రెండేళ్లకు దొరకనిది తరచూ ఏడెనిమిదేళ్లకు దొరుకుతుంది, ఎందుకంటే స్నేహాలు అప్పుడే చిక్కుబడతాయి. ఈ పిల్లలు చదువులో ముందుండవచ్చు కూడా. "తెలివైనవాడే, కాస్త తిక్క" అని పేరు పడిపోతుంది.

మన భాష మాట్లాడే తీరే వీళ్లకు ఒక పరీక్ష. "నా తల తినకు" అంటే నిజంగానే భయపడి చూసిన పిల్లాడు నాకు తెలుసు. "నోరు కట్టేసుకో", "కాళ్లు విరగ్గొడతా" అనేవి మనకు నోటి అలవాటు. వీళ్లకు అక్షరాలా వినపడతాయి. ఎత్తిపొడుపు అర్థం కాదు, హాస్యం ఆలస్యంగా అందుతుంది. తమకిష్టమైన విషయం, రైళ్లో గ్రహాలో, ఎదుటివాళ్లు ఆవలిస్తున్నా చెబుతూనే ఉంటారు. ఆట నియమం ఎవరైనా కాస్త మార్చితే అన్యాయం జరిగిపోయినట్టు గొడవ పడతారు. బడిలో రోజంతా బుద్ధిగా ఉండి, ఇంటి గడప దాటగానే పేలిపోతారు. బడివాళ్లు "మా దగ్గర బాగానే ఉంటాడే" అంటే అది అబద్ధం కాదు. అక్కడ పట్టి ఉంచిందంతా ఇక్కడ తెగుతోంది.

ఆడపిల్లల గురించి విడిగా చెప్పాలి. ఆటిజం అని తేలినవాళ్లలో ఒక అమ్మాయికి ముగ్గురు నలుగురు అబ్బాయిలు ఉంటారు. అందులో కొంత తేడా, అమ్మాయిలు మన కంట పడకపోవడం వల్ల వచ్చింది. వాళ్లు పక్క అమ్మాయిని చూసి నవ్వడం, తలూపడం, జడ సర్దుకోవడం దాకా నేర్చుకుని దించేస్తారు. ఒకే ఒక్క స్నేహితురాలు ఉంటుంది, ఆమె వేరే చోట కూర్చుంటే లోకం కూలిపోతుంది. ఇష్టాలు కూడా జంతువులు, కథలు, ఫలానా నటుడు వంటివి కావడంతో ఎవరికీ వింతగా అనిపించవు. ఆ ఇష్టం ఎంత లోతుగా ఉంది, అది తప్ప ఇంకేమైనా పడుతుందా అని చూడండి. నెమ్మదస్తురాలు, సిగ్గరి అన్న పేరు వెనక ఏముందో కాస్త తొంగిచూడండి.

టీనేజీలో, పెద్దయ్యాక

యవ్వనంలో ఆందోళన, దిగులు, బడికి వెళ్లననడం ముందు కనిపించి, అసలు కారణం వాటి వెనక దాక్కుంటుంది. ఆత్మహత్య మాటలు వస్తే అది వయసు ప్రభావమని కొట్టిపారేయకండి, అదే రోజు సహాయం అడగండి. ఈ వయసులో కొందరికి ఫిట్స్ కూడా మొదలవుతాయి. శూన్యంలోకి చూస్తూ పిలిచినా, తాకినా స్పందించకుండా కాసేపు ఆగిపోతుంటే న్యూరాలజిస్టుకు చూపించండి.

ఇక పెద్దవాళ్లు. బిడ్డ కోసం ఫారం నింపుతూ "ఇదంతా నేనే కదా" అని ఆగిపోయిన తల్లులు, తండ్రులు తక్కువేమీ కాదు. ఫంక్షన్‌కి వెళ్లొస్తే రెండు రోజులు లేవలేకపోవడం, ఫోన్ చేసే ముందు మాట్లాడాల్సింది మనసులో రిహార్సల్ వేసుకోవడం, ఎదుటివాళ్ల కళ్లలోకి ఎంతసేపు చూడాలో లెక్కపెట్టుకోవడం, ఆఫీసులో పని బాగా చేస్తూ కబుర్ల దగ్గర ఓడిపోవడం వంటివన్నీ చిన్నప్పటి నుంచీ ఉంటే ఓసారి పెద్దల ఆటిజం తెలిసిన సైకియాట్రిస్టునో క్లినికల్ సైకాలజిస్టునో కలవండి. మీ బాల్యం తెలిసిన పెద్దవాళ్లు ఎవరైనా తోడు వస్తే, లేదా పాత స్కూల్ రిపోర్టులు దొరికితే, వాళ్ల పని తేలికవుతుంది.

అనుమానం వచ్చాక చేయాల్సిన పనులు

మొదట ఒక నోట్‌బుక్ పెట్టండి. తేదీ, ఏం జరిగింది, దానికి ముందు ఏం జరిగింది, తర్వాత ఎంతసేపు పట్టింది. "మొండిగా ఉన్నాడు" అని రాయకండి. "బూట్లు మార్చగానే ఇరవై నిమిషాలు ఏడ్చాడు" అని రాయండి. డాక్టరుకు రెండోదే పనికొస్తుంది.

తర్వాత వీడియోలు. ఒకటి రెండు నిమిషాలవి చాలు. పేరు పెట్టి పిలిచినప్పుడు, ఒంటరిగా ఆడుకుంటున్నప్పుడు, మరో బిడ్డతో ఉన్నప్పుడు, తినేటప్పుడు. మంచి రోజువీ తీయండి, పాడు రోజువీ తీయండి. డాక్టరు గదిలో పది నిమిషాల్లో పిల్లలు తమలా ఉండరు. మొదటిసారి మేం వెళ్లిన చోట మా వాడు ఆ పెద్దాయన్ని చూసి నవ్వాడు, అంతే, ఏమీ లేదని పంపించేశారు. వీడియో ఉండి ఉంటే ఆ ఎనిమిది నెలలు పోయేవి కావు.

మూడో పని వినికిడి పరీక్ష. పాటకు పరుగెత్తుకు వస్తున్నాడు కాబట్టి చెవులు బాగానే ఉన్నాయి అనుకుంటాం. కొన్ని స్థాయుల శబ్దాలు వినపడి కొన్ని వినపడని పిల్లలు ఉంటారు. చిన్నపిల్లలు సహకరించకపోయినా నిద్రలో చేసే పరీక్షలు ఉన్నాయి, బెరా అనేది అలాంటిదే. ఇది పూర్తయితే ఒక సందేహం తీరిపోతుంది.

అప్పుడు నిపుణుల దగ్గరికి వెళ్లండి. పిల్లల ఎదుగుదల చూసే డెవలప్‌మెంటల్ పీడియాట్రీషియన్, పిల్లల సైకియాట్రిస్టు, పిల్లల న్యూరాలజిస్టు, క్లినికల్ సైకాలజిస్టు, వీళ్లలో ఎవరైనా మొదలుపెట్టవచ్చు. ఎవరు తెలియకపోతే మీ మామూలు పిల్లల డాక్టరునే రాసిమ్మనండి. రక్తపరీక్షలోనో స్కానింగులోనో ఆటిజం కనపడదు. ఆ పరీక్షలు రాస్తే వేరే కారణాలు, జన్యు సమస్యలు, ఫిట్స్ వంటివి చూడటానికే. అసలు నిర్ధారణ జరిగేది మీతో మాట్లాడటంలో, పిల్లలతో ఆడుతూ గమనించడంలో. అందుకే అయిదు నిమిషాల్లో అవునన్నా కాదన్నా రెండో అభిప్రాయం తీసుకోండి.

"ఇంకో ఆరు నెలలు ఆగి చూద్దాం" అంటే మర్యాదగానే మూడు ప్రశ్నలు వేయండి: ఈ ఆరు నెలల్లో ఏం మారితే ఫరవాలేదు? ఏం మారకపోతే రావాలి? ఈలోగా స్పీచ్ థెరపీ మొదలుపెట్టడానికి అడ్డేమైనా ఉందా? మూడోదానికి దాదాపు ఎప్పుడూ అడ్డేమీ ఉండదు. మాట రాని బిడ్డకు మాట సాయం కావాలి, దానికి ఏ పేరు పెడతారన్నది తర్వాత తేలినా నష్టం లేదు.

రిపోర్టు చేతికి వచ్చిన రోజు

ఆ రోజు ఏడుపు వస్తే ఏడవండి. బిడ్డ నిన్నటి బిడ్డే.

రిపోర్టులో లెవెల్ 1, 2, 3 అని ఉండవచ్చు. అవి తెలివికి మార్కులు కావు, రోజువారీ ఎంత సాయం కావాలో చెప్పే గుర్తులు. మారుతుంటాయి కూడా. పాత కాగితాల్లో యాస్పర్జర్స్ అని ఉంటే కంగారు పడకండి. 2013లో అమెరికన్ మానసిక వైద్యుల వర్గీకరణ ఆ పేరును ఆటిజం స్పెక్ట్రమ్ అనే ఒకే పేరు కింద కలిపేసింది. 2022 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణా అదే దారిలో ఉంది.

తర్వాత "ఎందుకొచ్చింది, ఎవరి తప్పు" అనే రాత్రులు వస్తాయి. మీ తప్పు కాదు. తల్లి ప్రేమ చల్లబడటం వల్ల వస్తుందని ఒకప్పుడు పెద్ద పెద్ద డాక్టర్లే రాశారు. 1964లో ఆ వాదాన్ని గట్టిగా ఎదిరించినవాడు బెర్నార్డ్ రిమ్‌లాండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆటిజం ఉన్న కొడుక్కి తండ్రి. 1977లో కవలల మీద వచ్చిన పరిశోధన జన్యువుల పాత్రను చూపించింది. టీకాల వల్ల ఆటిజం వస్తుందన్న భయానికి మూలం 1998లో కేవలం 12 మంది పిల్లల గురించి వచ్చిన వ్యాసం. దాన్ని ప్రచురించిన పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. డెన్మార్క్‌లో ఆరున్నర లక్షలకు పైగా పిల్లలను పరిశీలించి 2019లో చెప్పింది కూడా ఒకటే, తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకా వల్ల ఆటిజం పెరగలేదని. ఫోన్ చూపించడం వల్లే వచ్చిందని మిమ్మల్ని నిలదీసేవాళ్లకూ జవాబు చెప్పాల్సిన పని లేదు. స్క్రీన్ తగ్గిస్తే మీకు, బిడ్డకు మధ్య సమయం పెరుగుతుంది, అంతవరకు మంచిదే.

ఇంట్లో ఈరోజే మొదలుపెట్టగలిగేవి

నేల మీద, బిడ్డ ముఖానికి ఎదురుగా కూర్చోండి. "ఇదేంటి? ఏం రంగు? ఆవు ఎలా అరుస్తుంది?" అంటూ ప్రశ్నపత్రం మొదలుపెట్టకండి. బిడ్డ చక్రం తిప్పుతుంటే మీరూ ఇంకో చక్రం తిప్పండి. బిడ్డ చేసిన శబ్దమే మీరూ చేయండి. ఆగండి. మనసులో పది దాకా లెక్కపెట్టండి. ఆ నిశ్శబ్దంలో ఒక చూపు మీ వైపు వస్తుంది చూడండి, దాని కోసమే ఇదంతా. వచ్చిన చూపుకు వెంటనే బదులివ్వండి. బ్రిటన్‌లో 152 మంది చిన్నపిల్లల మీద జరిగిన ఒక ప్రయోగంలో థెరపిస్టులు ఎక్కువగా చేసిన పని, తల్లిదండ్రులు బిడ్డతో ఆడుతున్న వీడియోలను వాళ్లకే చూపించి, ఎక్కడ ఆగాలో, ఎక్కడ స్పందించాలో నేర్పడం. దాదాపు ఆరేళ్ల తర్వాత మళ్లీ చూసినప్పుడూ దాని మేలు నిలిచే ఉందని 2016లో ప్రచురించారు.

బొమ్మ కార్డులు వాడండి. నీళ్లు, బయటికి, చాలు, నొప్పి వంటివి ఫొటోలుగా తీసి చేతికందేచోట పెట్టండి. బిడ్డ కార్డు ఇస్తే ఆ వస్తువు వెంటనే ఇవ్వండి. కార్డులకు, మాట్లాడే యాప్‌లకు అలవాటు పడితే నోటి మాట ఆగిపోతుందని చాలామందికి భయం. పరిశోధనల్లో అలా కనపడలేదు, కొందరికి మాట పెరిగింది కూడా. "చాలు" అన్న కార్డు ఒక్కటి ఉన్నా ఎన్ని ఏడుపులు తగ్గుతాయో చూడండి.

రోజులో ఏం జరగబోతోందో బొమ్మల వరసగా గోడకు పెట్టండి. మార్పు ఉంటే ముందే చెప్పండి.

పెద్ద ఏడుపు వచ్చినప్పుడు ఒకటి గమనించండి. కావలసింది ఇవ్వగానే ఆగితే అది అలక. ఇచ్చినా ఆగకపోతే, తన చేతుల్లోనే లేకపోతే, అది ఒంటికి, మనసుకు భారం ఎక్కువైపోవడం. అప్పుడు పాఠాలు చెప్పకండి, అరవకండి. వెలుగు తగ్గించి, మనుషులను పక్కకు పంపి, దెబ్బ తగలకుండా చూసి, పక్కన కూర్చోండి. ఇక ఉన్నట్టుండి ప్రవర్తన మారిపోతే, కొత్తగా తల బాదుకోవడం, చేయి కొరుక్కోవడం మొదలైతే, ముందు ఒళ్లు చూపించండి. పంటి నొప్పి, చెవి నొప్పి, మలబద్ధకం. చెప్పలేని బిడ్డ నొప్పిని ఇలాగే చెబుతుంది.

భద్రత సంగతి మాత్రం వాయిదా వేయకండి. చాలామంది ఈ పిల్లలు చెప్పకుండా బయటికి వెళ్లిపోతారు, నీళ్లంటే ప్రాణం పెడతారు. ఈ రెండూ కలిస్తే ప్రమాదం. తలుపుకు పైన గడియ, ఒంటి మీద ఫోన్ నంబరు ఉన్న కంకణం, వీలైనంత త్వరగా ఈత. ఎప్పుడైనా కనపడకపోతే దగ్గర్లో నీళ్లున్న చోటు ముందు వెతకండి.

థెరపీ ఎలా ఎంచుకోవాలి

మాటకు, సంభాషణకు స్పీచ్ థెరపిస్టు. శబ్దం, స్పర్శ, బటన్లు పెట్టుకోవడం, తినడం వంటివాటికి ఆక్యుపేషనల్ థెరపిస్టు. ప్రవర్తనకు, నైపుణ్యాలకు ఆ శిక్షణ ఉన్నవాళ్లు. అన్నీ ఒకేసారి మొదలుపెట్టి బిడ్డను, మిమ్మల్ని అరగదీసుకోకండి. ఇప్పుడు ఇంటిని ఎక్కువగా కష్టపెడుతున్నది ఏదో దానితో మొదలుపెట్టండి.

కొత్త చోటికి వెళ్లినప్పుడు అడగండి: వచ్చే మూడు నెలల్లో మన లక్ష్యం ఏమిటి? అది జరిగిందని ఎలా తెలుస్తుంది? నేను లోపల కూర్చోవచ్చా? ఇంట్లో నేనేం చేయాలి? లోపలికి రానివ్వం అంటే నాకైతే ఆ చోటు వద్దు. బిడ్డ వెళ్లిన ప్రతిసారీ వణుకుతూ బయటికి వస్తే, కళ్లలోకి చూసేదాకా బలవంతపెడుతుంటే, చేతులాడిస్తే కట్టిపడేస్తుంటే మానిపించేయండి. చేతులాడించడం చాలామందికి తమను తాము కుదుటపరచుకునే పద్ధతి, దానివల్ల ఎవరికీ దెబ్బ తగలదు.

"ఆరు నెలల్లో నార్మల్ చేస్తాం" అన్న బోర్డు కనిపిస్తే అటు వెళ్లకండి. ఒంట్లోని లోహాలు తీసేస్తామనే కీలేషన్ వల్ల 2005లో అమెరికాలో ఐదేళ్ల బాబు చనిపోయాడు. బ్లీచింగ్ లాంటి ద్రావణాలు తాగించేవాళ్లూ ఉన్నారు. అవి విషమే. స్టెమ్ సెల్స్, ఒత్తిడితో ఆక్సిజన్ ఇచ్చే ప్రెషర్ చాంబర్లు ఆటిజానికి పనిచేస్తాయని రుజువు కాలేదు. గోధుమ, పాలు మానిపించే డైట్ ప్రయత్నించాలనిపిస్తే ముందు డాక్టరును అడగండి. అసలే నాలుగు రకాలు తినే బిడ్డకు రెండు తీసేస్తే మిగిలేవి రెండే. ఆటిజానికంటూ మందు లేదు. నిద్ర, ఫిట్స్, తీవ్రమైన చికాకు, ఆందోళన వంటివాటికి మందులు ఉన్నాయి. అవసరమైతే డాక్టరుతో మాట్లాడి వాడటంలో తప్పూ లేదు, చిన్నతనమూ లేదు.

బడితో ఎలా మాట్లాడాలి

రిపోర్టు మొత్తం చేతిలో పెట్టేయకండి, ఎవరూ చదవరు. ఒక్క పేజీ రాయండి: మా బిడ్డకు నచ్చేవి, కష్టమయ్యేవి, కష్టమవుతున్నట్టు తెలిపే గుర్తులు, అప్పుడు ఏం చేస్తే కుదుటపడుతుంది. కావలసింది చిన్న చిన్న మార్పులుగా అడగండి. బెల్లుకు దూరంగా సీటు, నోటితో చెప్పింది బోర్డు మీద కూడా రాయడం, గొడవ ఎక్కువైనప్పుడు వెళ్లి కూర్చోవడానికి ఒక మూల, పరీక్షకు కాస్త ఎక్కువ సమయం. వికలాంగుల చట్టాల కింద మీరున్న చోట ఏ సర్టిఫికెట్ కావాలో, ఏ సౌకర్యాలు వస్తాయో డాక్టరు దగ్గరే కనుక్కోండి. కాగితం పని నెలలు పడుతుంది, కాబట్టి ముందే మొదలుపెట్టండి. ఎవరితో ఏం మాట్లాడారో ఆ రాత్రే ఒక మెయిల్‌గా పంపేయండి. రాతలో ఉన్నదే నిలుస్తుంది.

ఇంట్లోవాళ్లకు, మీకు

ఇంట్లో పెద్దవాళ్లకు ఒకేసారి అంతా చెప్పి ఒప్పించాలని చూడకండి. ఒక పని అప్పజెప్పండి. మా ఇంట్లో వాదన ఆగింది రిపోర్టు చూశాక కాదు. సాయంత్రం పూట వాడితో చక్రం ఆట ఆడే బాధ్యత తాతయ్యకు ఇచ్చాక. మూడో వారంలో ఆయనే వచ్చి "ఇవాళ నా వైపు చూశాడు" అని చెప్పారు.

ఇంకో బిడ్డ ఉంటే రోజుకు పదిహేను నిమిషాలు తనకే ఇవ్వండి. "అన్నయ్య మెదడు శబ్దాలను వేరేగా వింటుంది" అని వయసుకు తగ్గట్టు నిజం చెప్పండి. చిన్న వయసులోనే కాపలాదారును చేయకండి.

భార్యాభర్తలు రాత్రి వంతులు వేసుకోండి. ఒంటరి తల్లో తండ్రో అయితే వారానికి రెండు గంటలైనా బిడ్డను నమ్మకంగా చూసేవాళ్లను వెతకడం థెరపీ వెతకడమంత ముఖ్యం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2 నుంచి 9 ఏళ్ల పిల్లల తల్లిదండ్రుల కోసం ఒక శిక్షణ తయారుచేసింది, తొమ్మిది గ్రూపు క్లాసులు, మూడుసార్లు ఇంటికి రావడం. నిపుణులు లేని చోట కూడా నడిపేలా దాన్ని రూపొందించారు. అలాంటిది మీ దగ్గర ఉందా అని ఆసుపత్రిలో, బడిలో అడగండి.

తల్లిదండ్రుల గ్రూపుల్లో చేరేటప్పుడు రెండు చూసుకోండి. అక్కడ ఎవరైనా మందులో ప్యాకేజీలో అమ్ముతున్నారా? అమ్ముతుంటే బయటికి రండి. అక్కడ పెద్దవాళ్లయిన ఆటిస్టిక్ మనుషులు ఉన్నారా, వాళ్ల మాట వింటున్నారా? ఉంటే ఉండిపోండి. మిక్సీ మోగినప్పుడు లోపల ఏమవుతుందో ఏ డాక్టరు కన్నా వాళ్లే బాగా చెబుతారు. మొదటిసారి వెళ్లి ఏమీ మాట్లాడకుండా వెనక కూర్చున్నా ఎవరూ ఏమీ అనుకోరు. వచ్చేటప్పుడు మాత్రం మీ బిడ్డ వయసు పిల్లలున్న ఒకరి నంబరు తీసుకోండి, రాత్రి రెండింటికి మెసేజ్ పెట్టినా ఫరవాలేదా అని ముందే అడిగి. చాలామంది ఫరవాలేదనే అంటారు, ఆ వేళకు వాళ్లింట్లోనూ లైటు వెలుగుతూనే ఉంటుంది.